పులిపిరి అని ఒకే పేరు, కింద ఆరేడు రకాలు

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. అమ్మగారికి 61 ఏళ్లు, బుగ్గల మీదా కళ్ల కిందా నల్లటి చిన్న బుడిపెలు ఏటేటా పెరుగుతున్నాయి, వీపు మీద గరుగ్గా ఉన్నది ఒకటి పెద్దది ఉంది. మీకు మెడ చుట్టూ వేలాడే పులిపిర్లు. తొమ్మిదేళ్ల బాబుకి వేళ్ల మీద గట్టివి నాలుగు. నాన్నగారి ముంజేతి మీద మెత్తటి గడ్డ. ఇవి ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నాయా, ముందు ముందు క్యాన్సర్ అవుతాయా, పిన్నిగారు చెప్పినట్టు సున్నం సోడా పెట్టొచ్చా, ఆరు వారాల్లో ఉన్న చెల్లెలి పెళ్లిలోపు అమ్మ ముఖం బాగు చేయించొచ్చా అని అడిగారు.

పొట్టిగా చెప్పాలంటే, ఈ నలుగురిలో అంటుకునేవి మీ బాబువి మాత్రమే, మిగతావి ఎవరివి వాళ్లవే. మీరు రాసిన లక్షణాల్లో క్యాన్సర్‌ని అనుమానించాల్సింది నాకేమీ కనపడలేదు, కానీ అమ్మగారి వీపు మీదిదీ నాన్నగారి గడ్డా ఎవరో ఒక డాక్టరు చేత్తో తాకి చూడాలి, రాసింది చదివి తేల్చేవి కావు. సున్నం సోడా మాత్రం వద్దంటే వద్దు. పెళ్లి సంగతి చివర్లో చెప్తాను.

నేను జిల్లా కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా చర్మవ్యాధుల ప్రాక్టీసు చేస్తున్నాను. ఓపీలో రోజూ కొంతమందైనా "పులిపిర్లండీ" అంటూ కూర్చుంటారు. మన భాషతో వచ్చిన చిక్కేంటంటే ఒంటి మీద ఏది పొడుచుకొచ్చినా పులిపిరే. వైరస్ వల్ల వచ్చినదీ పులిపిరే, మెడ దగ్గర వేలాడేదీ పులిపిరే, వయసుతో వచ్చే నల్ల బుడిపే పులిపిరే. పేరు ఒకటే కాబట్టి మందూ ఒకటే అనుకుంటారు. మెడికల్ షాపుకెళ్లి పులిపిరికి మందివ్వమంటే యాసిడ్ సీసా చేతిలో పెడతారు. వేలి మీద పులిపిరికి అది సరైన మందే. అదే సీసా ఇంటికి తెచ్చి అమ్మగారి కంటి కింద బుడిపెకి రాస్తే రూపాయి కాసంత మచ్చ మిగులుతుంది. నేను చూసే గాయాల్లో చాలావరకు ఇలా పేరుని బట్టి మందు వేసుకున్నవే.

బాబుతో మొదలుపెడదాం, ఎందుకంటే మీరు ఇవాళే మొదలుపెట్టగలిగింది అదొక్కటే. వేళ్ల మీద గట్టిగా, పైన కాలీఫ్లవర్‌లా గరుగ్గా ఉన్నవి అసలైన పులిపిర్లు. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి. ఆ పేరు గూగుల్‌లో కొట్టగానే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని వస్తుంది, తల్లులు ఏడ్చుకుంటూ వస్తారు. ఆ వైరస్‌లో 200కి పైగా రకాలున్నాయి. క్యాన్సర్‌కి కారణమయ్యే 16, 18 లాంటివి వేరు, పిల్లల వేళ్ల మీద పులిపిర్లు తెచ్చే 2, 4, 27, 57 లాంటివి వేరు. ఇక్కడ ఆ భయం అక్కర్లేదు.

చర్మం చిట్లిన చోట ఈ వైరస్ దూరుతుంది. గోళ్లు కొరికే పిల్లలకి, గోటి పక్కన తోలు పీక్కునే పిల్లలకి అందుకే వేళ్ల చివర్లోనే ఎక్కువగా వస్తాయి, మీ వాడికీ ఆ అలవాటు ఉందేమో చూడండి, అలాంటి పిల్లలకి తర్వాత పెదవి మీద కూడా మొలుస్తాయి. లోపలికి దిగాక బయటకి కనపడటానికి నెలలు పడుతుంది కాబట్టి ఎవరి దగ్గర అంటుకుందని వెతకడం దండగ. పులిపిరికి లోపల వేరుంటుంది, వేరు తీయకపోతే మళ్లీ వస్తుంది అని అందరూ అంటారు, అది నిజం కాదు. అది చర్మం పై పొరలోనే ఉంటుంది. మళ్లీ ఎందుకు వస్తుందంటే చుట్టూ బాగున్నట్టు కనిపించే చర్మంలో కూడా వైరస్ ఉంటుంది. పై పొరలోనే దాక్కోవడం వల్ల మన రోగనిరోధక శక్తి దాన్ని చాన్నాళ్లు కనిపెట్టదు, కనిపెట్టిన రోజున ఒక్కసారిగా అన్నీ ఎండి రాలిపోతాయి. పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి రెండేళ్లలో వాటంతట అవే పోతాయి. తాయెత్తు కట్టినా, మంత్రం వేయించినా, తీపి గుళికలు మింగించినా "మావాడికి పోయాయండీ" అని చెప్పేవాళ్లు అంతమంది దొరకడానికి కారణం ఇదే. ఆ మాట రోగులతో అంటే కోపం వస్తుంది కాబట్టి ఓపీలో అనను, ఇక్కడ అంటున్నాను.

ఏమీ చేయకుండా ఆగడం కూడా ఒక వైద్యమే. ఆగలేం, స్కూల్లో పిల్లలు వెక్కిరిస్తున్నారు అంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. రాత్రి పడుకునేముందు వాడు ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో వేళ్లు పది నిమిషాలు నానబెట్టండి. పులిపిరి తెల్లగా ఉబ్బుతుంది. ఆ తెల్ల పొరని గోళ్లు అరగదీసే అట్టముక్కతో మెల్లగా రుద్ది తీయండి, రక్తం చూసేదాకా వెళ్లొద్దు, ఆ ముక్క ఇంకెవరూ వాడొద్దు. చుట్టూ మంచి చర్మానికి వాజలైన్ రాయండి. తర్వాత 17 శాతం దాకా శాలిసిలిక్ యాసిడ్ ఉండే పులిపిర్ల ద్రావణాన్ని అగ్గిపుల్ల చివరతో ఒక్క చుక్క, పులిపిరి మీద మాత్రమే పెట్టండి. రెండు నిమిషాల్లో గోళ్ల రంగులా ఆరి పొర కడుతుంది. మర్నాడు రాత్రి ఆ పొర తీసేసి మళ్లీ మొదటి నుంచి. మంట పుట్టి ఎర్రబడితే రెండు మూడు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఇది పన్నెండు వారాల పని. పది రోజులు రాసి "పనిచేయలేదండీ" అని వదిలేసేవాళ్లే అందరూ. పన్నెండు వారాలు రాసినవాళ్లు నా దగ్గరికి తిరిగి రారు, తగ్గింది కాబట్టి. ముఖానికి, మర్మాంగాల దగ్గర, షుగర్ ఉన్నవాళ్ల పాదాలకి ఈ మందు రాయకూడదు.

గడ్డకట్టించే వైద్యం కూడా ఉంది, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో రెండు మూడు వారాలకోసారి. పనిచేస్తుంది కానీ నొప్పి, తొమ్మిదేళ్లవాడు మొదటిసారి కూర్చుంటాడు, రెండోసారి గుమ్మం దగ్గరే ఏడుపు మొదలెడతాడు. పైగా మన రంగు చర్మం మీద తెల్ల మచ్చ మిగిలే అవకాశం ఉంది. (మా ఊళ్లో మొదట్లో నైట్రోజన్ దొరక్క పశువుల కృత్రిమ గర్భధారణ కేంద్రం వాళ్లని బతిమాలి తెచ్చుకునేవాణ్ణి, ఆబోతు వీర్యం దాచే క్యాను పక్కనే నా ఫ్లాస్కు.) పదులకొద్దీ ఉండి దేనికీ లొంగనివాళ్లకి పిల్లలకి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా మందునే ఒక పులిపిరిలోకి ఇంజెక్షన్‌గా ఇస్తాం. ఒకదాన్ని పొడిస్తే దూరంగా ఉన్నవి కూడా రాలిపోవడం నేను చాలాసార్లు చూశాను, నిరోధక శక్తి నిద్రలేచిందన్నమాట. నాలుగింటికి అది అక్కర్లేదు.

ఇందులోనే ఇంకో రకం ముఖం మీద వస్తుంది, చదునుగా, గోధుమ రంగులో, వరసగా గీత గీసినట్టు. గడ్డం గీసుకునే కుర్రాళ్లకి బ్లేడు వెళ్లిన దారినే మొలుస్తాయి. దాన్ని మొటిమలనో తామరనో అనుకుని స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే ముఖమంతా పాకుతాయి. మర్మాంగాల దగ్గర వచ్చేవి వేరే సంగతి, వాటికి షాపు మందులొద్దు, సిగ్గుపడకుండా భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అరికాలి పులిపిరికీ ఆనెకాయకీ తేడా కూడా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ పొరబడేది అక్కడే. ఆనెకాయని పైనుంచి నొక్కితే నొప్పి, పులిపిరిని రెండు వేళ్లతో పక్కల నుంచి గిల్లినట్టు పట్టుకుంటే నొప్పి. పై తోలు బ్లేడుతో పల్చగా చెక్కితే పులిపిరిలో ఆవగింజ పొడిలా నల్ల చుక్కలు కనిపిస్తాయి, అవి గడ్డకట్టిన సన్న రక్తనాళాలు, ఇంకొంచెం చెక్కితే ఆ చుక్కల నుంచే రక్తం చెమరుస్తుంది. అరికాలి గీతలు ఆనెకాయ మీదుగా సాగిపోతాయి, పులిపిరి దగ్గర పక్కకి తప్పుకుంటాయి. ఈ చెక్కే పని మాత్రం ఇంట్లో వద్దు, ముఖ్యంగా షుగర్ ఉంటే.

ఇక మీ మెడ. మెత్తగా, సన్న కాడతో వేలాడేవి, చొక్కా కాలరు తగిలినప్పుడూ గొలుసు పట్టుకున్నప్పుడూ చిరాకు పెట్టేవి. ఇంగ్లీషులో స్కిన్ ట్యాగ్ అంటారు. వైరస్ కాదు, అంటవు, క్యాన్సర్ అవ్వవు. చర్మం ఒరుసుకునే చోట వస్తాయి, మెడ, చంక, గజ్జ, ఆడవాళ్లకి రొమ్ముల కింద. బరువు పెరిగినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతాయి. మీరు మీ బరువు రాయలేదు, ఎత్తూ రాయలేదు, కానీ మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, తువ్వాలులా అయిందేమో అద్దంలో చూసుకోండి. చాలామంది దాన్ని మురికి అనుకుని నిమ్మచెక్కతో, స్క్రబ్‌లతో తోముతుంటారు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చర్మం చెప్తోంది. మెడ నలుపూ, మెడ మీద ట్యాగులూ కలిసి వచ్చినవాళ్లకి నేను కాటరీ (కరెంటు వేడితో కాల్చి తీయడం) కంటే ముందు పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు పరీక్షలు రాస్తాను. "పులిపిరికి వస్తే షుగర్ టెస్టు అంటాడేంటి, ల్యాబు వాళ్లతో కమీషన్ ఉందేమో" అని బయట బెంచీ మీద అనుకోవడం నాకు వినపడుతూనే ఉంటుంది. ముప్పై అయిదేళ్లకే షుగర్ బయటపడ్డవాళ్లు కొందరు ఇలా దొరికినవాళ్లే. మీరూ చేయించుకోండి.

ట్యాగులు తీయడం పెద్ద పని కాదు. చిన్నవైతే కత్తెరతో ఒక్క కోత, పెద్దవైతే మత్తు క్రీము గంట ముందు రాసి పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, తర్వాత కాటరీతో కాల్చేయడం. పది పదిహేను ఒక్క పూటలో అయిపోతాయి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. గుర్రపు తోక వెంట్రుక కట్టడం గురించి కూడా అడిగారు. నిజం చెప్పాలంటే పాతవాళ్ల ఆ పద్ధతిలో తర్కం ఉంది, కాడ బిగిస్తే రక్తం ఆగి నల్లబడి ఎండి రాలిపోతుంది, గుర్రపు వెంట్రుకే కానక్కర్లేదు, దారం కూడా అదే పని చేస్తుంది. సన్న కాడ ఉన్నదానికి సరిపోతుంది. మొదలు వెడల్పుగా ఉంటే మాత్రం సగం చచ్చి సగం బతికి వాచి చీము పడుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి ఆ పుండు వారాల తరబడి మానదు. పైగా మీరు కడుతున్నది ట్యాగో పుట్టుమచ్చో మీకెలా తెలుసు?

సున్నం సోడా దగ్గరికొద్దాం. కిందటేడు ఎండాకాలంలో ఒకావిడ మెడకి చీర కొంగు చుట్టుకుని వచ్చారు. కొంగు తీస్తే మెడ పక్కన శనగగింజంత గుంతలు ఆరు, లోపల పసుపు పచ్చటి తెట్టు, చుట్టూ ఎర్రటి అంచు. తమలపాకు సున్నం, బట్టల సోడా సమానంగా కలిపి ముద్ద చేసి ఒక్కో పులిపిరి మీద పెట్టారట, "మొదట చల్లగానే ఉందండీ" అన్నారు. అక్కడే ఉంది మోసం. సున్నమూ సోడా తడిలో కలిస్తే పుట్టేది కాస్టిక్ సోడా, మరుగుదొడ్లలో అడ్డుపడ్డ గొట్టాలు కరిగించడానికి పోసే సరుకు. వంట సోడాతో కలిపినా అదే పుడుతుంది. యాసిడ్ అయితే పెట్టగానే మండుతుంది, చెయ్యి వెనక్కి తీస్తాం. క్షారం అలా కాదు, చర్మంలోని కొవ్వుని సబ్బు చేసుకుంటూ లోపలికి దిగుతుంది, నొప్పి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పులిపిరి పోయిన మాట నిజమే, దాంతోపాటు కింద చర్మమూ పోయింది. మూడు నెలల తర్వాత ఆ గుంతల చోట్లే కీలాయిడ్లు, అంటే మచ్చ మీద పెరిగే గడ్డలు, లేచాయి, గట్టిగా, మెరుస్తూ, దురద పెడుతూ. వాటికి నెలకోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇప్పటికీ చేస్తున్నాను. మొదట కత్తెరతో కోయించుకునుంటే ఆవిడకి పావుగంట పని.

నల్లజీడి రసం, జిల్లేడు పాలు, నూరిన వెల్లుల్లి కూడా ఈ జాబితాలోవే. నల్లజీడి చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టేది, ఆ రసం పడని ఒంటికి తగిలితే ముఖమంతా బొబ్బలెక్కుతుంది. జిల్లేడు పాలు కంటి దగ్గర పొరపాటున కూడా వద్దు. ఇప్పటికే ఎవరైనా సున్నం పెట్టి ఉంటే ముద్ద తుడిచేసి కుళాయి ధార కింద కనీసం ఇరవై నిమిషాలు కడగండి, విరుగుడని నిమ్మరసం పిండొద్దు.

అమ్మగారి ముఖం మీదివి మనవాళ్లలో చాలా మామూలు. వాటి పేరు డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా, రాసుకుని గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు, డీపీఎన్ అంటే ఏ చర్మ డాక్టరుకైనా తెలుస్తుంది. చామనచాయ, నలుపు చర్మాల్లో ఎక్కువ, వంశంలో వస్తుంది, మీ అమ్మమ్మగారి పాత ఫోటో ఉంటే బుగ్గలు చూడండి, ఉండే ఉంటాయి. మీకూ చెల్లెలికీ కూడా రావచ్చు, అంటుకుని కాదు, వారసత్వంగా. వీపు మీద ఉన్నది, మీరు "మైనం అంటించినట్టు, గోకితే ఊడొస్తుందేమో అన్నట్టు" అని రాశారు, అది సెబోరిక్ కెరటోసిస్ అయ్యుండాలి, డీపీఎన్‌కి పెద్దన్న లాంటిది. నలభై దాటాక జుట్టు నెరిసినట్టే చర్మానికి ఇవి వస్తాయి. క్యాన్సర్‌గా మారవు. కొన్ని నెలల్లోనే దురదతో పదులకొద్దీ ఒకేసారి లేస్తే మాత్రం ఒంట్లో ఇంకేమైనా ఉందేమో పరీక్షలు చేయించాలి, అది చాలా అరుదు, మీ అమ్మగారివి ఏళ్ల తరబడి నెమ్మదిగా వచ్చినవి.

తీయాలా అంటే వైద్యపరంగా అక్కర్లేదు. అందానికి తీయించుకుంటామంటే తప్పేమీ లేదు, కానీ క్రీములతో పోవు, పోతాయని అమ్మే క్రీముల్లో ఏదో ఒక యాసిడ్ ఉంటుంది. సన్నటి సూదితో చాలా తక్కువ కరెంటు పెట్టి పైపైన కాల్చాలి, రేడియో ఫ్రీక్వెన్సీ అన్నా దాదాపు ఇదే. ఇందులో నేర్పంతా ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు ఒక పెద్దావిడకి "మళ్లీ రాకూడదు" అన్న పట్టుదలతో కొంచెం లోతుగా కాల్చాను. నల్ల చుక్కలు పోయి వాటి స్థానంలో తెల్ల చుక్కలు మిగిలాయి, బుగ్గ మీద పద్నాలుగు. ఆవిడ ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధగా ఉండింది. అప్పటి నుంచి చెవి ముందు, జుట్టు కప్పే చోట ఒకటి రెండు మాత్రం తీసి రెండు నెలలు చూసి, చర్మం ఎలా మానుతుందో తెలిశాకే మిగతావి ముట్టుకుంటాను. మీరు వెళ్లే డాక్టరు మొదటి రోజే నలభై తీసేస్తానంటే కొంచెం ఆలోచించండి. బ్యూటీ పార్లర్లలో కూడా ఈ మెషిన్ పెట్టుకుని తీస్తున్నారు, అక్కడ వద్దు, లోతు సంగతి అలా ఉంచండి, ఆ సూది మీకు ముందు ఎవరి ముఖంలో దిగిందో తెలీదు, హెపటైటిస్ బి లాంటివి అంటుకుంటే పులిపిరిలా పోవు. చర్మవ్యాధుల చదువులైన ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్ చదివినవాళ్ల దగ్గరికే వెళ్లండి. డబ్బు ఇబ్బందైతే ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది, బోర్డు మీద "చర్మ, సుఖవ్యాధులు" అని చూసి పెద్దవాళ్లు లైన్లో నిలబడటానికి మొహమాటపడతారు, మీరు తోడు వెళ్లండి.

నాన్నగారిది చర్మం కింద మెత్తగా, వేలితో నెడితే జారిపోతూ, నొప్పి లేకుండా ఏడెనిమిదేళ్లుగా అదే సైజులో ఉందన్నారు కాబట్టి కొవ్వు గడ్డ, అంటే లైపోమా, అయ్యుండాలి. నూనె మానేసినా, వాకింగ్ చేసినా కరగదు, ఆయింట్‌మెంటు పనిచేయదు. డాక్టరు తాకి చూసి అదేనన్నాక, అడ్డం లేకపోతే వదిలేయండి. అయిదు సెంటీమీటర్లు దాటినా, ఈ మధ్య పెరుగుతున్నా, గట్టిపడినా, నొప్పి వచ్చినా, కదలకుండా లోపల అతుక్కున్నట్టున్నా సర్జన్‌కి చూపించి స్కాన్ చేయించాలి. గడ్డ మీద మధ్యలో చిన్న నల్ల చుక్క ఉందేమో కూడా చూడండి. ఉంటే అది కొవ్వు గడ్డ కాదు, తిత్తి. దాన్ని పిసికితే జున్ను ముక్కల్లా ఉండి కంపు కొట్టేది వస్తుంది, వచ్చిందని సంబరపడతారు, తిత్తి గోడ లోపలే ఉంటుంది కాబట్టి మళ్లీ నిండుతుంది, మధ్యలో చీము పడితే రెండు పనులవుతాయి, మొదట చీము తీయడం, మానాక తిత్తి గోడతో సహా తీయడం.

క్యాన్సర్ భయం గురించి. పుట్టుమచ్చ ఒక సగం ఒకలా ఇంకో సగం ఇంకోలా ఉండటం, అంచులు చెదిరినట్టుండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, పెన్సిల్ వెనక రబ్బరు కంటే (దాదాపు 6 మిల్లీమీటర్లు) పెద్దదవడం, అన్నిటికన్నా ముఖ్యంగా నెలల్లో మారుతూ ఉండటం, ఇవి చూడాలని ఇంటర్నెట్‌లో అంతా రాస్తారు, సరైనదే. కానీ అది ఎక్కువగా తెల్లవాళ్ల ఒళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది. మనవాళ్లలో మెలనోమా, అంటే నల్ల మచ్చలా మొదలయ్యే ఈ చర్మ క్యాన్సర్, అరుదు, వస్తే ఎక్కువగా అరికాలు, అరచెయ్యి, గోరు కింద వస్తుంది. పాటగాడు బాబ్ మార్లీ 1981లో పోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే. నా దగ్గరికొచ్చిన ఒక రైతు మడమ మీద నల్ల మచ్చని ఏడాది పాటు ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకుంటూ ఉండిపోయారు, వచ్చేసరికి గజ్జల్లో బిళ్లలు కట్టాయి. అందుకే రోగి దేనికొచ్చినా ఒకసారి చెప్పులు తీయించి అరికాలు చూస్తాను.

ఇంకోటి, పెద్దావిడలున్న ఇంట్లో తప్పక చూడాల్సింది నడుము. లంగా బొందు ఏళ్ల తరబడి బిగించి కట్టే చోట నల్లగా ఒరుసుకుపోయి ఉంటుంది, అది మామూలే. అక్కడ ఎప్పటికీ మానని పుండు ఉంటే మామూలు కాదు. 1945లోనే బొంబాయిలో ఖానోల్కర్ అనే పాథాలజిస్ట్ ధోవతి కట్టే చోట వచ్చే క్యాన్సర్ గురించి రాశారు, చీర కింద లంగా బొందు దగ్గర వచ్చేదీ అలాంటిదే. అలాగే పాత కాలిన మచ్చలో లేచిన కండ, వృద్ధుల ముఖం మీద నల్లగా మెరుస్తూ మధ్యలో గుంటపడి అప్పుడప్పుడూ రక్తం చెమర్చే బుడిపె, వీటికి బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, కావాలి. "కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుంది" అని మానేయొద్దు. పాకేది కత్తి వల్ల కాదు, ముక్క తీసి చూడకుండా ఏళ్లు గడిపినందువల్ల. మంచిదనిపించిన పుట్టుమచ్చ కోసినా సరే, ఆ ముక్కని చెత్తబుట్టలో పారేయకుండా పరీక్షకి పంపమని అడగండి. పుట్టుమచ్చని కాటరీతో కాల్చేస్తే పంపడానికి ముక్కే మిగలదు, అందుకే పుట్టుమచ్చలు కాల్చనివ్వకండి. ఛాతీ మధ్యా భుజాల మీదా ఉన్నవాటిని అందానికని ముట్టుకోకపోవడమే మేలు, మన చర్మంలో కీలాయిడ్లు ఎక్కువగా లేచేది అక్కడే.

పెళ్లి సంగతి. ఆరు వారాలు చాలవు. కాల్చాక కట్టే నల్ల చెక్కులు ఏడు నుంచి పది రోజుల్లో రాలతాయి, కింద గులాబీ రంగు చర్మం కనపడి "అబ్బ, శుభ్రంగా వచ్చింది" అనిపిస్తుంది, తర్వాత మూడో వారం నుంచి ఆ చోట్లు నల్లబడటం మొదలవుతుంది, పోవడానికి నెలలు పడుతుంది. లెక్క వేసుకోండి, సరిగ్గా పెళ్లి ఫోటోల రోజుకి నలుపు ముదిరి ఉంటుంది. పెళ్లయ్యాక ఎండలు మొదలవుతాయి, అప్పుడూ వద్దు. జులైలో వానలు పడ్డాక చెవి దగ్గర రెండు తీయించి చూడండి, సన్‌స్క్రీన్ మాత్రం ఇప్పటి నుంచే అలవాటు చేయండి, చెక్కుల మీద పసుపు అద్దొద్దని, గోరుతో గిల్లొద్దని అప్పుడు గుర్తుచేయండి. వీపు మీదిది ఈ వారమే చూపించేయండి, అది పెళ్లి కోసం ఆగక్కర్లేదు. అమ్మగారికి మేకప్ చేసే అమ్మాయికి ఒక మాట చెప్పండి, ముఖాన్ని స్క్రబ్‌తో గట్టిగా రుద్దొద్దని, కనుబొమలకి దారం లాగేటప్పుడు కంటి పక్క బుడిపెలకి తగలకుండా చూడమని. బాబు వేళ్ల మందు ఇవాళ రాత్రి మొదలుపెడితే పెళ్లినాటికి సగం దారిలో ఉంటాడు, పెళ్లి హడావుడిలో ఆ వారం రోజులూ మానకుండా సీసా సూట్‌కేసులో పెట్టుకోండి.